పేరు కడిగిన రికార్డు

ఓరిన్ పోయిన రోజు మంగళవారం. మూడో పీరియడులో ఏడో తరగతి పిల్లలచేత వ్యాసాలు పైకి చదివిస్తున్నాను. ఆఫీసు నుంచి మనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మా అన్న ఓరిన్ బస్సు డిపోలో, డ్యూటీ దిగి యూనిఫారం చొక్కా మార్చుకుంటూ బల్ల మీద కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయాడట. నలభై మూడేళ్లు. చదువుతున్న అమ్మాయిని ఆ పేరా పూర్తి చెయ్యనిచ్చి బయటికి వెళ్లాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు.

అతని ఇల్లు సర్దే పని నామీద పడింది. పెళ్లి నిలవలేదు, పిల్లలు లేరు. ట్రెమాంట్ అవెన్యూ మీద నాలుగో అంతస్తులో రెండు గదులు. ఒక గదిలో మంచం, రెండో గదిలో రికార్డులు. పాల సీసాల ప్లాస్టిక్ పెట్టెల్లో నిలువుగా సర్ది ఉన్నాయి. వాటి పక్కన బల్ల మీద పసుపు కాగితాల పుస్తకం, అందులో అతని చేతిరాతతో ఒక జాబితా.

ఆ జాబితా సంగతి నాకు తెలుసు. మా పేట లైబ్రరీలో హిప్‌హాప్‌కి ఒక బీరువా ఏర్పాటు చేస్తున్నారు. ఏ సంగీత భాండారంలోనైనా ఉండి తీరవలసిన నలభై రికార్డులు ఎంచి, ఒక్కోదాని పక్కన రెండు మాటలు రాసివ్వమని లైబ్రేరియన్ మిస్ అడేర్ చలికాలంలో ఓరిన్‌ను అడిగింది. ఈ సంగీతం పార్కుల్లో, దీపస్తంభాల నుంచి కరెంటు లాగి మొదలైనప్పుడు అక్కడ రికార్డులు తిప్పినవాళ్లలో ఓరిన్ ఒకడు. పేరు పెద్దగా బయటికి రాలేదు. లైబ్రరీ వాళ్లు అడిగారని నాకు మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. మూడుసార్లూ, "ఊరికే చెప్తున్నాలే, పెద్ద విషయమేం కాదు" అన్నాడు.

కోటు విప్పకుండానే నిలబడి ఆ జాబితా చదివాను. రెండు నుంచి నలభై వరకు ఆల్బమ్‌ల పేర్లు, వాటి పక్కన అతని మాటలు. పందొమ్మిదో వరుసలో ఒక అమ్మాయి మొదటి ఆల్బమ్ పక్కన, "మగవాళ్లంతా కాసేపు నోరు మూసుకుని వినాల్సింది." ఇరవై ఆరో దాని పక్కన, "నాకు నచ్చదు. పిల్లలకి కావాలి." ముప్ఫై ఒకటో దాని పక్కన, "రెండో వైపు మాత్రమే. మొదటి వైపు వీళ్లు ఇంకా నిద్ర లేవలేదు." ఇన్నేళ్లు పిల్లలకి వ్యాసం రాయడం నేర్పాను. ఇంత పొదుపుగా నేనూ రాయలేదు.

మొదటి వరుసలో పేరు లేదు. "ఎర్ర గీత. పేరు వెర్లీన్‌ను అడగండి" అని ఉంది.

వెర్లీన్ నేనే.

ఆ ఎర్ర గీత ఏమిటో చెప్పాలి. నాకు పదిహేనేళ్లప్పుడు ఓరిన్, అతని స్నేహితుడు ఫ్రెడో కలిసి ఎండాకాలమంతా పార్కులో పాటలు పెట్టేవారు. పాట మొత్తం ఎవరికీ అక్కర్లేదు. మధ్యలో గొంతులు ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటే మోగే పది పన్నెండు సెకన్లే కావాలి. ఒకే రికార్డు రెండు ప్రతులు కొని, ఒకదాని మీద ఆ ముక్క అయిపోయేసరికి రెండోదాని మీద మళ్లీ అందుకుని, ఆ పన్నెండు సెకన్లను పది నిమిషాలు నడిపేవాడు ఓరిన్. అలాంటి ముక్క దొరికిన రికార్డు పేరు ప్రాణంతో సమానం. పక్క పేటవాళ్లు అభిమానుల్లా వచ్చి బల్ల మీదికి వంగి, తిరుగుతున్న లేబుల్ చదివేవారు. అందుకని ఓరిన్ కూడా మరికొందరిలాగే లేబుళ్లు కడిగేసేవాడు. అట్టలు చింపి చెత్తలో వేసి, రికార్డులు స్నానాల తొట్టిలో గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టేవాడు. అరగంటకి కాగితం మెత్తబడుతుంది. దాన్ని బొటనవేలితో రుద్ది తీసెయ్యాలి, గాట్ల మీద వేలు పడకూడదు. ఆ పని నాది. తూములో కాగితం ముద్దలు అడ్డుపడుతున్నాయని అమ్మ తిట్టేది. లేబుల్ చుట్టూ నున్నటి అంచులో చెక్కి ఉండే, రికార్డు ఏదో పట్టించే అంకెలను కూడా ఓరిన్ అమ్మ కుట్టుసూదితో గీకేసేవాడు. ఆ తర్వాత మధ్యలో రంగు క్రేయాన్‌తో గీత. పచ్చ గీత, నీలం గీత, రెండు నీలం గీతలు.

ఎర్ర గీత ఒక్కదానికే ఉండేది. దానితోనే మొదలుపెట్టేవాడు. అది కడిగిన రోజు తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని అన్నాడు, "ముందు దీని పేరు చదువు వెర్లీన్. పైకొద్దు, మనసులో. గుర్తుపెట్టుకో. నేను వాగుడుకాయని, ఎవడో ఒకడు నాకు రెండు బీర్లు తాగించి లాగేస్తాడు. నేను మర్చిపోతా. నీ దగ్గరుంటే ఎక్కడికీ పోదు."

"సరే" అన్నాను. మర్నాడు నాకు ఫ్రెంచ్ పరీక్ష. పుస్తకం ఒళ్లో పెట్టుకుని తొట్టి అంచు మీద కూర్చున్నాను. లేబుల్ వైపు చూశాను. నారింజ రంగో, పసుపో. చదివాననే అనుకుంటాను. ఆ రోజు బట్టీపట్టిన ఫ్రెంచ్ క్రియలు ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ పేరు మాత్రం ఆ వారం దాటేలోపే నా దగ్గర లేదు.

ఇరవై రెండేళ్లు. పుట్టినరోజులకి, థాంక్స్‌గివింగ్ భోజనాలకి ఎవరో ఒకరు ఆ రికార్డు పేరు అడిగేవారు. ఓరిన్ నావైపు గరిటె చూపించి, "బ్యాంకు అక్కడుంది, మేనేజర్ని అడుక్కోండి" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వును అతను ఎలా అర్థం చేసుకున్నాడో ఇక తెలిసే వీలు లేదు.

మిస్ అడేర్ దగ్గరికి వెళ్లి జాబితా చూపించాను. ఆవిడ మెల్లగా మాట్లాడే మనిషి. మొత్తం చదివి కళ్లద్దాలు తీసింది.

"బీరువా జూన్ ఐదున తెరుస్తున్నామండీ. దాని మీద మీ అన్నగారి పేరు పెడదామని అందరం అనుకున్నాం. మొదటిదాని పేరు చెబితే కార్డు కొట్టిస్తా."

"మూడు వారాలుంది కదా" అన్నాను.

"ఉంది. కానీ పేరు లేని దానికి నేను కార్డు రాయలేనండీ. అడిగినవాళ్లకి వెతికివ్వాలి కదా."

ఆ సాయంత్రమే ఫ్రెడోకి ఫోన్ చేశాను. అసలు పేరు విల్‌ఫ్రెడో. ఇప్పుడు ఫోర్డమ్ రోడ్ పక్కన రెండు భవనాలకి మరమ్మతులు చూస్తుంటాడు. అంత్యక్రియలకి వచ్చాడు, చివరి వరుసలో నిలబడి వెళ్లిపోయాడు. ఓరిన్‌కి, అతనికి పద్ధెనిమిదేళ్లుగా మాటల్లేవు.

శనివారం పొద్దున ఒక చేతిలో మాంసం కజ్జికాయలతో నూనె కారుతున్న కాగితం సంచి, రెండో చేతిలో చదునైన పొట్లంతో నాలుగంతస్తులూ ఎక్కొచ్చాడు.

"ఇదిగో మేడమ్ టీచర్, పాస్తెలిల్లోలు. మా ఆవిడ చేసింది. నువ్వు తినకపోతే నేను తిన్నానని ఇంట్లో గొడవ." గది చుట్టూ చూశాడు. "అవే పెట్టెలు! ఈ పెట్టెలు మోసి మోసి నా నడుం పోయింది తెలుసా? ఆయన చేతులకి దెబ్బ తగలకూడదు. సర్జన్ గారు మరి."

"నువ్వూ తిప్పేవాడివి కదా."

"ఎప్పుడు? వాడు టాయిలెట్‌కి వెళ్లినప్పుడు." నవ్వి, కూర్చుని, నవ్వు ఆపేశాడు. "వాడితో మాటలు ఎందుకు మానేశానో నీకు చెప్పాడా?"

"లేదు."

"పేరు చెప్పలేదని. పెట్టెలు మోసింది నేను, దీపస్తంభం ఎక్కి షాక్ కొట్టించుకుంది నేను. ఎర్ర గీత పేరేంట్రా అంటే, 'వెర్లీన్ దగ్గరుంది' అంటాడు. ఫ్రెంచ్ పుస్తకం పట్టుకు తిరిగే పిల్ల దగ్గర! నా దగ్గర కాదు." మోకాలి మీద కొట్టుకున్నాడు. "సర్లే, అయిపోయింది. ఇక చూడు."

పొట్లం విప్పాడు. లేబుల్ ఉన్న రికార్డు. పదహారేళ్ల కిందట న్యూజెర్సీలో ఒక చర్చి పాత సామాన్ల అమ్మకంలో దొరికిందట.

"ఇదే. మా అమ్మ మీద ఒట్టు. దొరికిన రోజు కార్లో కూర్చుని ఒక్కణ్నే కేకలు పెట్టా. వాడికి చెప్పలేదు. చెప్తే సంతోషపడేవాడు. వాడు సంతోషపడటం నాకిష్టం లేదు."

ఓరిన్ టర్న్‌టేబుళ్లు రెండూ అలాగే ఉన్నాయి. పెట్టెల్లోంచి తీసిన ఎర్ర గీత రికార్డు ఎడమవైపు, ఫ్రెడోది కుడివైపు పెట్టాం. అతని వేళ్లు లావెక్కాయి, గోళ్ల కింద రంగు ఉంది, కానీ సూది దించినప్పుడు చప్పుడు కాలేదు. ముందు ఎడమది. డ్రమ్స్ మొదలయ్యాయి. నేను కిటికీ వైపు చూశాను. తర్వాత కుడిది. అవే దెబ్బలు, అదే నడక. ఫ్రెడో నావైపు వేలు చూపించి ఊపాడు.

ఎడమదానిలో డ్రమ్స్ అయిపోయే చోట, ఎవరో వెనక దూరంగా నవ్వుతారు. చిన్న నవ్వు. పార్కులో ఆ నవ్వు వస్తే జనం కూడా నవ్వేవారు. కుడిదానిలో ఆ చోట ఫ్లూట్ వచ్చింది.

"మళ్లీ పెట్టు" అన్నాను.

మళ్లీ పెట్టాడు. మూడోసారి, నాలుగోసారి. ఫ్లూటే వచ్చింది.

"నవ్వు," అన్నాడు ఫ్రెడో. "ఆ నవ్వు ఎలా మర్చిపోయాన్రా దేవుడా." పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. "పదహారేళ్లు వాణ్ని గెలిచాననుకున్నా."

పాస్తెలిల్లోలు చల్లారిపోతున్నాయి. ఒకటి తీసి అతనికిచ్చాను. తినకుండా పట్టుకున్నాడు.

"సరే, ఒక పని చెయ్. నా రికార్డు పేరే రాసెయ్. ఒకే డ్రమ్మరు అయ్యుంటాడు. లైబ్రరీలో ఎవడికి తెలుస్తుంది? నేను చెప్పను." వెంటనే తల ఎత్తాడు. "ఆగు. అసలు నీకీ తిప్పలెందుకు? పేరు నీ దగ్గరుందిగా. నా నోటితో తప్పు చెప్పించి చూద్దామనా? టీచర్ బుద్ధి పోనిచ్చావు కాదు."

అప్పుడు చెప్పాను. "నా దగ్గర లేదు ఫ్రెడో. ఆ రోజే సరిగ్గా చదవలేదు. ఓరిన్‌కి ఎప్పుడూ చెప్పలేదు."

ఈ మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. గట్టిగా అన్నానో, మెల్లగా అన్నానో గుర్తులేదు.

తిడతాడనుకున్నాను.

"నీ మీద ఎంత కుళ్లుకున్నానో తెలుసా?" అన్నాడు. "వాడికి నాకంటే నువ్వెక్కువని. పద్ధెనిమిదేళ్లు. నీ దగ్గర ఏమీ లేదు!" గట్టిగా నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు పట్టాను, నింపడానికి అవసరమైనంత కంటే ఎక్కువసేపు.

తిరిగొచ్చాక అడిగాడు, "వాడికి తెలుసంటావా?"

"ఏమో."

"తెలిసే రాశాడేమో. నీ చేత వెతికిద్దామని."

"అలా అనుకుంటే నాకు బావుంటుంది," అన్నాను. "అందుకే అనుకోను."

ఆ రాత్రి కాదు, మర్నాడు చర్చి అయ్యాక, కార్డు రాయడానికి కూర్చున్నాను. ఫ్రెడో చెప్పిన పేరు ఒక కాగితం మీద రాసి చూశాను. అచ్చులో బాగానే కనిపిస్తుంది. పిల్లలు రాసిన తప్పు మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టే దాన్ని నేను. అన్న జాబితాలో మొదటి వరుసలో తప్పు పేరు ఉంటే, మిగతా ముప్ఫై తొమ్మిదీ కూడా నాకు అనుమానంగానే కనిపించేవి. ఆ కాగితం చింపేశాను.

మిస్ అడేర్‌కి ఇచ్చిన కార్డులో ఇలా ఉంది: "ఓరిన్ మాడ్రీ ఎంచిన మొదటి రికార్డు. దీని పేరు గుర్తుపెట్టుకోమని చెల్లెలికి అప్పగించి, ఆమె చేతే లేబుల్ కడిగించాడు. ఆమె గుర్తుపెట్టుకోలేదు. వింటే చెప్పగలిగినవారు దయచేసి చెప్పండి." కార్డుతో పాటు ఎర్ర గీత రికార్డు ఒక ప్రతి కూడా ఇచ్చాను. రెండోది ఇంట్లో ఉంచుకున్నాను.

ఆవిడ రెండుసార్లు చదివింది. "మీ గురించి ఇదంతా రాయక్కర్లేదండీ. 'పేరు తెలియదు' అంటే సరిపోతుంది."

"సరిపోదు" అన్నాను.

జూన్ ఐదున బీరువా తెరిచారు. పిల్లలు ముందు ఇరవై ఆరోదాని కోసమే ఎగబడ్డారు. ఫ్రెడో ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మొదటి రికార్డు దగ్గర ఇయర్‌ఫోన్లు పెట్టినవాళ్లందరినీ, "నవ్వు వచ్చిందా? నవ్వు వచ్చాక చెప్పు" అంటూ గంటసేపు నిలబెట్టాడు. ముగ్గురు పేర్లు చెప్పారు. మూడూ వెతికించి విన్నాం. ఏదీ కాదు.

ఇప్పుడు అక్టోబరు. ఫ్రెడో శనివారాలు న్యూజెర్సీ వెళ్తున్నాడు, నేను పాత రికార్డుల కొట్లకి ఉత్తరాలు రాస్తున్నాను. మొదటి వరుసలో పేరు ఇంకా రాయలేదు.