దాటనివాళ్ల లెక్క

తడి చేత్తో పెన్ను పట్టుకోవడం కుదరదు. అందుకని గింజలు పెట్టుకున్నాను. వంటింటి కిటికీ గట్టు మీద ఒక గిన్నె, పక్కన ఒక పెద్ద డబ్బా. గిన్నె నిండా ఎండు చిక్కుడు గింజలు. కింద రోడ్డు ఒక మనిషి దాటితే గిన్నెలోంచి ఒక గింజ తీసి డబ్బాలో వేస్తాను. ఎవరినైనా తప్పించబోయి బండి కీచుమని బ్రేకు వేస్తే ఒక మిరియం వేస్తాను. అంట్లు తోముతూ వేయొచ్చు, పిండి కలుపుతూ వేయొచ్చు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "సారు మీటింగులో ఉన్నారండీ" అని చెబుతూ కూడా వేయొచ్చు. సారు ఆ సమయంలో స్నానం చేస్తుంటారు.

సారంటే మా ఆయన. ఈ వార్డు కౌన్సిలర్. గెలిచి నాలుగేళ్లయింది. గెలిచిన మర్నాడే, "అందరి ఫోన్లూ నేనెక్కడ ఎత్తుతాను, నువ్వు ఇంట్లోనేగా ఉంటావు" అన్నారు. అప్పటినుంచి వీధి దీపం వెలగకపోయినా, కాలువ మూత ఊడిపోయినా, ఏడో నంబరు బస్సు స్టాపులో ఆగకుండా పోయినా ముందు నాకే తెలుస్తుంది. రాసుకుంటాను. సాయంత్రం కూరల సంచీ పట్టుకుని వెళ్లి చూసొస్తాను. సంచీ ఉంటే ఎక్కడికని ఎవరూ అడగరు. ఏ సందులో గుంట ఎంత లోతో నా చెప్పులకి తెలుసు. మర్నాడు కాగితం మీద శుభ్రంగా రాసి ఆయన చొక్కా జేబులో పెడతాను. కౌన్సిల్లో ఆయన చదువుతారు. బాగా చదువుతారు, గొంతు మంచిది. "మీకు వార్డంతా అరచేతిలో గీతల్లా తెలుసు సార్" అని ఒకాయన మా ఇంట్లో కూర్చుని పొగుడుతుంటే, నేను ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చాను. మా ఆయన కారు దిగి ఈ వీధిలో నడవడం నేను చివరిసారి చూసింది ఓట్లప్పుడు.

ఈ ఏడాది వార్డుకి ఒకే ఒక్క క్రాసింగు ఇస్తామన్నారు. తెల్ల చారలు, అటూ ఇటూ స్పీడు బ్రేకర్లు, ఒక ఎర్ర దీపం. ఎక్కడ వేయాలో కౌన్సిలు తేల్చాలి. ఇంజనీరుగారు కొత్త షాపింగ్ కాంప్లెక్సు ముందు వేద్దామన్నాడు. అక్కడ రోడ్డుకి అడ్డంగా నల్లటి రబ్బరు గొట్టం పరిచి, మీద నుంచి వెళ్లిన బళ్లన్నీ యంత్రంతో లెక్కపెట్టాడు. పెద్ద అంకే వచ్చింది. నేను మా ఇంటి ముందు మలుపులో వేయాలంటాను. ఇటు బస్‌స్టాపు, అటు క్లినిక్కు. మలుపు తిరిగొచ్చే బండికి మనిషి కనబడేసరికి మనిషి బండి ముందే ఉంటాడు. కింది వాటాలో బట్టలు కుట్టే మిషనక్క పోయిన నెల అక్కడే బండి తగిలి పడింది. విరిగింది కుడికాలు. మిషను తొక్కే కాలు.

"మీ మలుపులో ఎంతమంది దాటుతున్నారో లెక్క పట్రండి సార్. ఆరు రోజులు, పొద్దున ఏడు నుంచి తొమ్మిది. ఊరికే ఫోన్లొస్తున్నాయంటే కౌన్సిలు ఒప్పుకోదు" అన్నాడట ఇంజనీరు. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, "నువ్వెలాగూ కిటికీ దగ్గరే ఉంటావుగా" అన్నారు.

ఆ మాటకి కోపం రావాలి. రాలేదు. ఒళ్లు ఝల్లుమంది. పదహారేళ్లుగా ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. నిలబడ్డందుకు ఫలానా పని చేశాను అని చెప్పుకునే పని దొరకడం అదే మొదలు. మొదటి రోజు ఏడు కొట్టకముందే కొంగు బిగించి నిలబడ్డాను. పాల ప్యాకెట్ల ఆమె, ఒక గింజ. బడి సంచులతో చేతులు పట్టుకుని ముగ్గురు పిల్లలు, మూడు గింజలు. చెవిలో ఫోను పెట్టుకుని ఇటూ అటూ చూడకుండా దాటిన కుర్రాడు, ఒక గింజ, ఒక మిరియం. ఎనిమిదింటికి గిన్నె ఖాళీ అయితే మళ్లీ నింపుకున్నాను. పోపు మాడింది. "ఏమిటా వాసన" అని లోపల్నుంచి మా ఆయన అడిగారు. అప్పుడే బస్సు దిగినవాళ్లు పద్నాలుగు మంది ఒకేసారి దాటుతున్నారు.

ఏ రోజుది ఆ రోజే లెక్కపెట్టి రాసుకోవాల్సింది. రాసుకోలేదు. ఆరు రోజులవీ చివర్లో ఒక్కసారే కుప్ప పోసి లెక్కపెట్టాలని ఆశపడ్డాను. డబ్బా రోజూ బరువెక్కుతుంటే ఎత్తి చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆరో రోజు బుధవారం. మర్నాడు పదకొండింటికి కౌన్సిలు. తొమ్మిది కాగానే మిషనక్కని కట్టు మార్పించడానికి క్లినిక్కుకి తీసుకెళ్లాను. అక్కడ వరసలో కూర్చునే సరికి సాయంత్రమైంది. ఇంటికొస్తే వాకిట్లోకే కమ్మటి వాసన. మా ఆయన భోజనం చేస్తున్నారు, వాళ్లమ్మ వడ్డిస్తున్నారు.

"కూర అదిరిందమ్మా" అంటున్నారు.

మా అత్తగారు నన్ను చూసి, "నువ్వు పొద్దుట్నుంచీ ఆసుపత్రిలో ఉన్నావని నేనే చేశానమ్మాయ్. కిటికీ దగ్గర డబ్బాలో గింజలు పురుగు పట్టేలా ఉన్నాయి. నానబెట్టి వండేశాను. వాటిల్లో మిరియాలు కూడా కలిసిపోయాయి, కళ్లు పోయేలా ఏరి, దంచి వేశాను. మరీ ఎక్కువయ్యాయని కింది వాటా వాళ్లకీ పక్కవాళ్లకీ గిన్నెలతో పంపాను" అన్నారు.

పాల ప్యాకెట్ల ఆమె, ముగ్గురు పిల్లలు, బస్సు దిగిన పద్నాలుగు మంది, ఆరు రోజుల జనం నా కళ్లముందే ముద్ద ముద్దగా ఆయన నోట్లోకి వెళ్లిపోతున్నారు. నాకు నవ్వొచ్చింది. తలుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. సంగతి చెప్పాక మా ఆయన చేతిలో ముద్ద ఆగింది. ఒక్క క్షణమే.

"దీనికింత రాద్ధాంతం దేనికి? రెండు వేల ఐదొందలని రాసెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశాను."

"చూశావుగా, మరి రాయి."

"ఎంతో తెలీదు. దొంగ లెక్క మాత్రం రాయను."

"ఇప్పుడు నువ్వు సత్యం పలక్కపోతే రోడ్డు ఆగిపోతుందా?" అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

అత్తగారు గరిట పట్టుకుని అలాగే నిలబడ్డారు. "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా" అన్నారు మెల్లగా. నిజమే. చెప్పలేదు. మా ఇంట్లో ఆడవాళ్ల పని గురించి ఎవరికీ చెప్పుకునే అలవాటు లేదు, మాకు మేము కూడా.

గురువారం ఏడుకి పావుగంట ముందు నోటుబుక్కు, పెన్ను తీసుకుని చెప్పులేసుకున్నాను. ఒక్క పొద్దుటి లెక్కయినా నిజమైనది చేతిలో ఉండాలి.

"ఎక్కడికి?" అన్నారు మా ఆయన పడుకునే.

"కిందికి."

"టిఫిను?"

"బ్రెడ్డుంది."

"చొక్కా?"

"ఇస్త్రీ పెట్టె బీరువా కింది అరలో ఉంది."

ఆయన ఇంకా ఏదో అంటున్నారు. నేను మెట్లు దిగుతున్నాను. పొడి చేత్తో, పెన్నుతో, ఆ వేళప్పుడు వీధిలోకి. గాలి చల్లగా తగిలింది. ఎందుకో పరుగెత్తాలనిపించింది.

స్టాపు రేకు కింద బెంచీ పక్కన నిలబడి గీతలు గీయడం మొదలుపెట్టాను. పావుగంట గడిచేసరికి ఒక సంగతి కంటబడింది. పైనుంచి చూస్తే ఈ రేకు అడ్డం. మనిషి రేకు కిందనుంచి బయటికొచ్చి దాటితేనే నాకు కనిపిస్తాడు. రోడ్డు అంచు దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు కనిపించరు. చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకున్న పెద్దాయన అంచు దాకా వెళ్లాడు. వెనక్కొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారికి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎక్కడికి బాబాయ్?" అన్నాను.

"క్లినిక్కుకమ్మా. పర్లేదులే, ఆదివారం మా అమ్మాయొస్తుంది, పట్టుకుని దాటిస్తుంది."

"ఆదివారం క్లినిక్కు ఉండదుగా."

"అదే మరి" అన్నాడాయన.

నా పెన్ను ఆగిపోయింది. ఆరు రోజులు డబ్బా నింపానే, ఈయనకి అందులో ఒక్క గింజ కూడా లేదు. ఉండదు. దాటితేగా. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఇంకో చేత్తో పిల్లని పట్టుకుని ఒకామె అంచున నిలబడి నిలబడి, ఎక్కడో దూరాన సిగ్నలు వైపు నడక మొదలుపెట్టింది. కర్ర పట్టుకున్న ఒకావిడ బస్సు దిగి, ఎదురుగా ఉన్న క్లినిక్కు బోర్డు చదువుకుని, తర్వాతి బస్సెక్కి ఇంటికెళ్లిపోయింది. కాగితం మీద నిలువుగా ఇంకో గీత కొట్టి పైన రాశాను: దాటలేక వెనక్కి తిరిగినవాళ్లు. ఇక చేతికి ఆగడం తెలియలేదు. ఒక్కొక్కరినీ అడిగాను, ఎక్కడికి వెళ్లాలో పక్కన రాశాను. ఎవరూ విసుక్కోలేదు. ఎన్నాళ్లనుంచో ఎవరైనా అడిగితే బాగుండునని ఉన్నట్టే చెప్పారు.

తొమ్మిది కావస్తుండగా మా అత్తగారు మెట్లు దిగి వచ్చారు, గోడ పట్టుకుంటూ.

"నన్ను కూడా రాసుకో" అన్నారు.

"మీరు రోడ్డు దాటరుగా అత్తయ్యా."

"అందుకే రాసుకోమంటున్నా. అటువైపు మేడమీద నా స్నేహితురాలుంది. రెండేళ్లయింది దాని గడప తొక్కి. ఇక్కడినుంచి నేను చెయ్యూపుతాను, అక్కడినుంచి అది ఊపుతుంది. మోకాళ్ల నొప్పులని వాడికి చెప్పాను. మోకాళ్లు కాదు, భయం."

మా ఆయన రెండేళ్లుగా ఆవిడ మోకాళ్లకి నూనె తెచ్చిస్తున్నారు. ఆవిడ రెండేళ్లుగా రాసుకుంటున్నారు. నేను రాసుకున్నాను, యాభై ఏడో మనిషిగా.

దాటినవాళ్లు నాలుగు వందల పన్నెండు. బ్రేకులు ఇరవై మూడు. వెనక్కి తిరిగినవాళ్లు యాభై ఏడు.

కాగితం ఆయనకిచ్చి, నేను కూడా కౌన్సిలు హాలుకి వెళ్లాను. వెనక జనం కూర్చునే బెంచీలున్నాయి. నాలుగేళ్లలో ఎప్పుడూ వెళ్లలేదు. నా మాటలు ఆయన గొంతులో ఎలా ఉంటాయో అప్పుడే విన్నాను. మొదటి రెండు అంకెలూ చదివారు. మూడోదాని దగ్గర తడబడ్డారు.

ఇంజనీరు లేచాడు. "కాంప్లెక్సు దగ్గర ఆరు రోజుల లెక్కుంది సార్. మీది ఒక్క పూట. పైగా ఇదేంటి, దాటనివాళ్లని లెక్కపెట్టడమేంటి? ఫారంలో ఆ గడే లేదు."

హాల్లో నవ్వారు. మా ఆయన నీళ్లు నమిలారు. "అదీ... రాయడంలో ఏదో పొరపాటు. ఆ వరస కొట్టేద్దాం" అని జేబులోంచి పెన్ను తీశారు.

యాభై ఏడుగురు. బాబాయి, కడుపుతో ఉన్నామె, కర్ర ఆవిడ, మా అత్తగారు. ఒక్క గీతతో పోతారు. నేను లేచి నిలబడ్డానని నా గొంతు విన్నాకే నాకు తెలిసింది.

"కొట్టకండి."

చైర్మన్ గారు కళ్లజోడు పైకి నెట్టాడు. "ఎవరమ్మా?"

"కౌన్సిలర్ గారి మిసెస్ అండీ" అన్నాడు పక్కనున్న ఒకాయన. "ఇంట్లో మాటలు ఇంటికెళ్లి మాట్లాడుకోండమ్మా" అన్నాడు ఇంకొకాయన. మళ్లీ నవ్వులు.

"లెక్కపెట్టింది నేను" అన్నాను. "ఆరు రోజుల లెక్క నా దగ్గర కూడా ఉండేదండీ. గింజలతో పెట్టుకున్నాను, మా ఇంట్లో వండేశారు. తినేశాం. ఇది ఇవాళ పొద్దున కిందికి దిగి, నిలబడి రాసింది. ఇంజనీరు గారూ, మీ గొట్టం మీద చక్రం పడితేనే లెక్క. అంచు దాకా వచ్చి వెనక్కి తిరిగిన కాలు దాని మీద పడదు. కిటికీలోంచి చూసినన్నాళ్లూ నేను కూడా మీ గొట్టంలాగే చూశాను. ఆ నాలుగు వందల మందీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎలాగో దాటేస్తున్నారు. డాక్టరు ఎదురుగా కనబడుతుంటే ఇంటికి తిరిగి వెళ్లిపోతున్నవాళ్లు వీళ్లు. క్రాసింగు ముందు వీళ్లకి కావాలి."

ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు వచ్చి మా ఆయన చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. గీతల పక్కన రాసినవి చదివాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"యాభై ఏడుగురినీ అడిగారా?"

"అడిగాను."

"నేనొచ్చి చూడాలి" అన్నాడు చైర్మన్‌తో. చైర్మన్ రెండు వైపులా చూసి చెప్పాడు, సోమవారం పొద్దున ఏడింటికి కౌన్సిలంతా ఆ మలుపు దగ్గర నిలబడాలి, లెక్క రాసినావిడే చూపించాలి, అప్పటిదాకా కాంప్లెక్సు పని మొదలుపెట్టకూడదు. మినిట్సు పుస్తకంలో రాయమన్నాడు.

బయటికొచ్చేటప్పుడు నా కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో చూసుకోవాల్సి వచ్చింది. కారెక్కాం. మా ఆయన స్టీరింగు పట్టుకున్నారు.

"బాగానే చెప్పావులే" అన్నారు కారు తిప్పుతూ. "ముందే నాకు చెప్పుంటే నేనే అందంగా చెప్పేవాణ్ణి."

నేను కిటికీ అద్దం దించాను.

"సోమవారం పాతికమంది దాకా వస్తారు. అంత పొద్దున్నే కదా, టిఫిన్లూ టీలూ మన ఇంట్లోనే అంటాను. ఏడుకల్లా అన్నీ సిద్ధం చేసి పెట్టు. పరువు పోకూడదు."

"ఏడింటికి నేను రోడ్డు మీద ఉండాలి. టీ సంగతి మీరు చూసుకోండి."

"నేనా?"

"మీరే. మీరెలాగూ ఇంట్లోనేగా ఉంటారు." ఇంకో సంగతి కూడా చెప్పేశాను. ఎప్పుడు అనుకున్నానో తెలియదు, చెబుతుంటే మాత్రం చాలా రోజుల కిందటే తేలిపోయిన మాటలా ఉంది. "వచ్చే ఎన్నికల్లో ఈ వార్డుకి నేను నిలబడతాను."

ఆయన స్టీరింగు మీద చేతులుంచి, మొహం పూర్తిగా నా వైపు తిప్పారు. పదహారేళ్లలో నన్ను అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"రోడ్డు చూసి నడపండి" అన్నాను.