పైడమ్మ భుజం మీది ఎర్రపువ్వు

నన్ను చూసి అంతా మోదుగుపువ్వు అంటారు గానీ, నేను ఒక పాత ఎర్ర రవికె ముక్కను. నీలంపేటలో సినిమాహాలు వెనక బట్టలు కుట్టే పైడమ్మ నన్ను రేకులు రేకులుగా కత్తిరించి, మడతలు పెట్టి, అడుగున పిన్నీసు కుట్టింది. ఆమె తమ్ముడు నారాయుడు డెబ్బై ఒకటి యుద్ధంలో చనిపోయిన మరుసటి ఏడు అది. పటాలానికని బస్సెక్కిన రోజు అతడు చెవి మీద మోదుగుపువ్వు పెట్టుకొని వెళ్లాడట.

అతడు పోయిన తేదీన ఆమె నన్ను భుజానికి పెట్టుకొని బజారుకు బయల్దేరింది.

"ఏటే పైడమ్మా, పెళ్లికెల్తన్నావేటి?" అని కూరలమ్మే ఆవిడ నవ్వింది.

"ఈ పువ్వేటని ఎవులైనా అడిగితే మా నారాయుడి మాట సెప్పొచ్చని ఎట్టుకున్నాను."

ఆవిడ నవ్వడం ఆపేసింది. తక్కెడ పక్కన పెట్టి, "మా మేనల్లుడు సీనావోళ్లతో యుద్ధంలో పోనాడు గదా. ఆడికోటి కుట్టవే" అంది.

అలా మొదలై, కొన్నేళ్లకు ఊరంతా ఆ రోజున ఎర్రపువ్వు పెట్టుకోసాగింది. పెట్టుకోని వాళ్లను పైడమ్మ వదిలేది కాదు. పోలీసుస్టేషనులోకి నేరుగా వెళ్లి ఎస్సై చొక్కాకు పువ్వు గుచ్చింది. ఒకసారి ఒక నాయకుడు నన్నే అరువడిగి పెట్టుకొని, వీరుల గురించి గొంతు బొంగురుపోయేలా మాట్లాడి, నన్ను కుర్చీలో వదిలేసి కారెక్కాడు. నేను ఆయనకు కాస్త గుచ్చుకున్న మాట నిజమే.

మనుషులకు ఎవరినైనా గౌరవించాలనిపిస్తే ముందుగా తట్టేది శాలువా. పైడమ్మకు చాలా వచ్చాయి. ఎర్రది వస్తే మాత్రం ఆమె మురిసిపోయి మర్నాడే కత్తెర వేసేది. నా చెల్లెళ్లలో సగంమంది సన్మానాల్లోంచి పుట్టినవాళ్లే.

చివరికి మున్సిపాలిటీవాళ్లు బస్టాండు ముందున్న కూడలికి ఆమె పేరు పెట్టి, ఆమె బొమ్మ నిలబెడతామన్నారు. ఆవిష్కరణకు ముందురోజు శిల్పి వీరబ్రహ్మం బొమ్మను తెచ్చి ముసుగు తీశాడు. వెడల్పు దవడ, దట్టమైన కనుబొమలు. ఛైర్మన్ గారు బొమ్మనీ పైడమ్మనీ మార్చి మార్చి చూశారు.

"మీరిచ్చిన ఫోటో మసగ్గా ఉందమ్మా. పోలిక తప్పింది," అన్నాడు వీరబ్రహ్మం తల దించుకొని.

పైడమ్మ బొమ్మకు దగ్గరగా వెళ్లింది.

"తప్పలేదు బాబూ. ఇది మా నారాయుడు," అంది. అతడిదంటూ ఉన్న ఒక్క ఫోటో తుఫానులో ఇంటిగోడతో పాటే పోయింది. ఆ మొహాన్ని ఆమె మళ్లీ చూడటం ఇదే. "మీసాలెట్టీ బాబూ."

ఛైర్మన్ గారు కంగారుపడ్డారు. "సన్మానం మీకమ్మా. రాతి మీద మీ పేరు కూడా చెక్కించేశాం."

"సన్మానం నాకే గదా? నాకేటి గావాలో అదే అడుగుతన్నాను. బతికున్న మనిషికి బొమ్మెందుకు? నన్ను సూడాలంటే నా కొట్టుకి రండి."

వీరబ్రహ్మం అప్పటికే సిమెంటు కలుపుతున్నాడు. తెల్లారేలోగా మీసాలు దిద్ది, చీర చెక్కేసి, జేబున్న పటాలం చొక్కా మలిచాడు.

మర్నాడు జేజేల మధ్య తెర తొలగింది. కింద రాతి మీద 'శ్రీమతి పైడమ్మ' అని ఉంది, పైన కోరమీసాల జవాను ఉన్నాడు. కొత్తవాళ్లు ఇప్పటికీ తికమకపడతారు. ఆటోవాళ్లు ఓపిగ్గా చెబుతారు: "అక్క పేరండి, తమ్ముడి మొహమండి."

సిమెంటు గుండెకు పిన్నీసు దిగదు కనుక వీరబ్రహ్మం జేబు దగ్గర చిన్న కొక్కెం పెట్టాడు. పైడమ్మ నన్ను దానికే తగిలించింది. ఎండకూ వానకూ నా రంగు వెలిసిపోయింది. అయినా భుజం మీదకన్నా ఇక్కడే బాగుంది.

ఆవిష్కరణ రోజు జనమంతా వెళ్లిపోయాక ఆమె స్టూలెక్కి, బొమ్మ చెంప మీది సిమెంటు పొడిని కొంగుతో తుడిచింది.

"బస్సులన్నీ ఇక్కడే ఆగుతాయిరా," అంది మెల్లగా. "ఏదీ ఎక్కకు."