సొన కాదు, నెత్తురు

సొన కాలిందని చెప్పింది మీరే. తోట గుత్తదారులూ, సందుకొకడు చొప్పున వెలిసిన డాక్టర్లూ, అందరూ కలిసే చెప్పారు. సలోమోను చిగుళ్ళ వెంట నెత్తురు కారుతుంటే, మామిడి సొన తగిలి నోరు పుండైందన్నారు. టీతో పాటు నొప్పుల బిళ్ళ చేతిలో పెట్టి మళ్ళీ చెట్టెక్కించారు. అతనూ నమ్మాడు. బుద్ధెరిగాక ఒంటిమీద సొన కాలని వేసవి లేదు మరి.

ఈ కాపులో, ఆఖరి రోజు కూడా ముసునూరు తోటలో గోనెపట్టా మీద కూర్చుని కాయల తొడిమలు కోస్తున్నాడు. చేతులు పుల్లలైపోయాయి, పొట్ట ముందుకొచ్చింది, కళ్ళు పచ్చన. కత్తి తగిలితే నెత్తురు ఆగదని వేళ్ళకు గుడ్డ చుట్టుకున్నాడు. కాయను తలకిందులుగా పెట్టి సొన దిగేదాకా ఆగుతాడు.

చెట్టెక్కడం మానిపించింది ఊరి నర్సు ప్రమీలారాణి. కిందటేడు అతని ఒంటిమీద కమిలిన మచ్చలు చూసి, ఇది సొన కాదు, కాలేయం చెడిందని పట్టుకుంది ఆమే. కాలేయం చెడితే నెత్తురు సరిగా గడ్డకట్టదనీ, పైన ఆ బిళ్ళ పడితే కడుపులో పుండు పడి ప్రాణం పోతుందనీ విడమరిచి చెప్పింది. తనే ఆటో మాట్లాడి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ నోట్లోంచి గొట్టం దించి, లోపల ఉబ్బి పగిలిన నెత్తుటి నరాలకు రబ్బరు బ్యాండ్లు వేశారు. ముక్కూమొహం తెలియనివాళ్ళ నెత్తురు ఎక్కించారు. పేర్లు తెలియకపోయినా వాళ్ళకోసం రోజూ ప్రార్థన చేస్తాడు సలోమోను.

టీ వేళకు గుత్తదారు గోపి బిళ్ళల డబ్బాతో వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని లేస్తున్న సలోమోనును చూసి జాలిపడ్డాడు. ఒక్కటేసుకుంటే ఏం కాదన్నాడు. సలోమోను తల అడ్డంగా ఊపాడు.

"నర్సమ్మ మాటంటే నీకు బైబిలే బాబాయ్."

"బైబిలు పైలోకానికిరా. ఈ కాపు కళ్ళజూశానంటే ఆయమ్మ మాట వల్లే. వీళ్ళకీ పెట్టమాక."

గోపి నవ్వేసి మిగతావాళ్ళకు పంచాడు.

పొద్దువాలాక సలోమోను నెత్తురు కక్కుకున్నాడు. లోపలి నరం మళ్ళీ పగిలింది. అంబులెన్సులో తల ప్రమీలారాణి ఒళ్ళో ఉంది. ఏడాది ఎక్కువ ఇచ్చావమ్మా, చాలన్నాడు. నూజివీడు చేరకముందే పోయాడు.

అతనికి చాలు. అతనితో చెట్లెక్కిన మాకు చాలదు. మీరు ముందే ఆసుపత్రికి పంపుంటే ఇంకెన్నేళ్ళు ఉండేవాడో. ఇక తోటల్లో బిళ్ళలు పంచడం ఆపండి. చెట్టెక్కే ప్రతి మనిషికీ కాపుకు ముందే రక్తపరీక్ష చేయించండి. నోట్లో నెత్తురు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

ముందు ఎవరైనా అతని పాకకు వెళ్ళండి. ప్రమీలారాణికి ఇవ్వాలని గడ్డిలో మాగేసిన చిన్నరసం మామిడిపళ్ళు అక్కడ పండి వాసనేస్తున్నాయి.