గడప దగ్గర ఆగిన సముద్రం

హెస్టర్ బ్రాడ్‌షా రోజూ పొద్దున్న ఐదున్నరకి లేచి, మేడమెట్ల మీద కూర్చుని రబ్బరు బూట్లు తొడుక్కునేది. తర్వాత మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లి కాఫీ కాచుకునేది. పొయ్యి తడవకుండా దాని కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. కాఫీ తాగి, రొట్టె, చల్లారిన పంది మాంసం ముక్క డబ్బాలో సర్దుకుని, వీధి తలుపు తీసి, గడప దాటే ముందు ఒకసారి వెనక్కి తిరిగి ఆ నీళ్లతో "వెళ్లొస్తానురా" అనేది.

ఆ నీళ్లు దాదాపు రెండేళ్ల కిందట, టెలిగ్రాం అందిన రోజు మధ్యాహ్నం వచ్చాయి. ఆమె ఒక్కగానొక్క కొడుకు లైల్ పనిచేసే చమురు ఓడని కరోలినా తీరంలో జర్మన్ల టార్పెడో పేల్చేసిందనీ, మనిషి దొరకలేదనీ అందులో ఉంది. ఇల్లేమో గుట్ట మీద, చర్చి కంటే ఎత్తులో. అయినా అప్పట్నించీ రోజుకి రెండుసార్లు వంటింట్లో పోటు వచ్చి నీళ్లు పెరిగేవి, రెండుసార్లు పాటు వచ్చి తగ్గేవి. మా చెసపీక్ అఖాతం నీళ్లు కావవి. ఓడ మునిగిన చోటి నీళ్లు, ఉప్పగా, జనవరిలో కూడా గోరువెచ్చగా ఉండేవి. తలుపు బార్లా తీసినా గడప దగ్గర అద్దంలా నిలబడేవి తప్ప చుక్క బయటికి వచ్చేది కాదు.

ఊరు సర్దుకుంది. పోస్టుమాన్ ఉత్తరాలు కిటికీలో పెట్టి వెళ్లేవాడు. చర్చి ఆడవాళ్లు పాటు ఎన్నింటికో కనుక్కుని మరీ వచ్చేవారు. పక్కింటి ముసలావిడ మెట్ల మీద కూర్చుని, కాళ్లు ఆ వెచ్చటి నీళ్లలో పెట్టుకుని, కీళ్లనొప్పులకి ఇంతకంటే మందు లేదనేది. పడవల యార్డులో ఫోర్‌మన్ ఆస్బరీ ప్రూయిట్ మాత్రం ఒకసారి మాట జారాడు. గడపమాను పీకేస్తే నీళ్లన్నీ పోతాయి, గంట పని, నేనే వచ్చి చేస్తానన్నాడు. హెస్టర్ వారం రోజులు అతని మొహం చూడలేదు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడకి శవం లేదు, సమాధి లేదు. ఉన్నది ఆ నీళ్లే.

యుద్ధానికి ముందు ఆ యార్డులో డబ్బున్నవాళ్ల షికారు పడవలు కట్టేవారు. హెస్టర్ వాటికి మఖమలు దిండ్లు కుట్టేది. యుద్ధం వచ్చాక దిండ్లు పోయి టార్పెడో పడవలు వచ్చాయి, మొదట ఇంగ్లీషు వాళ్లకి, తర్వాత రష్యా వాళ్లకి. డెబ్భై అడుగుల పడవ. మహాగని చెక్క పలకలు రెండు వరసలు, ఒకదానికొకటి ఏటవాలుగా బిగిస్తారు. రెండు వరసల మధ్య జిగురులో నానబెట్టిన గుడ్డ పరుస్తారు. గుడ్డ పరవడం హెస్టర్ పని. ఒక్క ముడత పడితే అక్కడ నీరు కారుతుంది. ఆమె పరిచిన గుడ్డ ఎక్కడా ముడత పడలేదు. కొడుకుని మింగినదాని లాంటివే రెండు టార్పెడోలు ఆ పడవ మీద ఎక్కుతాయని ఆమెకి తెలుసు. దాని గురించి ఆలోచించేది కాదు.

ఆలోచించకుండా ఉండలేనిది వెండెల్ గురించి. వెండెల్ ప్రూయిట్, ఫోర్‌మన్ అన్నకొడుకు. చిన్నప్పుడు సగం అన్నాలు హెస్టర్ బల్ల దగ్గరే తిన్నాడు. లైల్, వాడు ఒకే రోజు ఓడెక్కారు. దిగింది వాడొక్కడే, రెండు చేతులూ కాలి, కనుబొమలు లేకుండా. వచ్చిన కొత్తలో మూడుసార్లు ఆమె ఇంటికొచ్చాడు. మూడోసారి తలుపు తీయకుండానే లోపల్నించి, "నువ్వెలా బతికావో నాకు చెప్పకు, వెళ్లు" అంది. తర్వాత వాడూ యార్డులోనే పనికి కుదిరాడు. వాడు పడవకి ఎడమ పక్కన ఉంటే ఆమె కుడి పక్కన పని చూసుకునేది. దాదాపు రెండేళ్లు అలాగే గడిచాయి.

ఆ జనవరిలో వాయవ్యపు గాలి మూడు రోజులు ఆగకుండా కొట్టింది. అలాంటి గాలికి అఖాతంలో నీళ్లు దక్షిణానికి తరుముకుపోతాయి. మా వాగు అడుగు బయటపడింది. ఆల్చిప్పలు ఏరే పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక టార్పెడో పడవ నీళ్లలోకి దిగాలి. ఎల్లుండి బాల్టిమోర్ నుంచి సరుకు ఓడ రష్యాలోని మర్మాన్‌స్క్ రేవుకి బయల్దేరుతుంది, పడవ దాని డెక్కు మీదకి ఎక్కాలి. అది తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. పడవని తీసుకెళ్లడానికి వచ్చిన రష్యన్ అధికారి గ్లెబ్ వరోనిన్ రెండు రోజులుగా ఒడ్డునే నిలబడి ఉన్నాడు. అక్కడ తన మనుషులు చేపల పడవల్లో యుద్ధానికి వెళ్తున్నారని ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. ఆ మౌనం చూడలేక ఆస్బరీ తెగించాడు. పడవని చక్రాల బండి మీద పెట్టి పట్టాల చివరిదాకా దింపితే, వాగు మధ్యలో మిగిలిన కాస్త నీరు అందుకుంటుందనుకున్నాడు.

అందలేదు. పట్టాల చివర చక్రం జారింది. బండి మీది పడవ మెల్లగా, నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు బురదలోకి వాలింది. పట్టా మీది మంచు కొట్టడానికి దిగిన వెండెల్ దాని కింద పడ్డాడు.

బురద మెత్తన కాబట్టి వెంటనే చావలేదు. తొడ నుంచి కిందకంతా పడవ కింద ఉంది, నడుము పైన బయట. జాకీలు పెడితే బురదలో దిగిపోయాయి. క్రేను అంత దూరం అందలేదు. నలభై మంది తాళ్లు పట్టి లాగితే పడవ ఇంకో వేలెడు కిందకి దిగింది. వాడు ఒక్కసారి అరిచి తర్వాత అరవడం మానేశాడు. డాక్టరు వచ్చి మోకాళ్ల మీద బురదలో పాక్కుంటూ వెళ్లి చూసి వచ్చాడు. కాలు కోద్దామంటే కత్తి పట్టే చోటు లేదన్నాడు. ఈ చలికి గంట, మహా అయితే గంటన్నర. గాలి రేపటిదాకా తిరగదు, నీళ్లు రావు. ఆస్బరీ ఒక పీపా మీద కూర్చుని టోపీతో మొహం కప్పుకున్నాడు.

హెస్టర్‌ని పిలిచింది వరోనిన్. ఛాతీదాకా బురదతో షెడ్డులోకి వచ్చాడు, ఒంటి మీద కోటు లేదు.

"ఆ అబ్బాయి మిమ్మల్ని అడుగుతున్నాడు. రండి, అమ్మా" అన్నాడు.

ఆమె చేతిలో జిగురు కుంచె ఉంది. దాన్ని డబ్బా అంచున ఆనించి, పలకలు పరిచిన దారి మీద నడిచి వెళ్లింది. వరోనిన్ కోటు వెండెల్ మీద కప్పి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. రెండేళ్ల తర్వాత ఆమె వాడి మొహం చూడటం అదే. కనుబొమలు మళ్లీ మొలవనే లేదు.

"పిన్నీ, ఇప్పుడైనా చెప్పనీ" అన్నాడు.

ఆమె వద్దనలేదు.

"తెప్ప మీద నేనున్నాను. వాడు నీళ్లలో, నా చెయ్యి పట్టుకుని. చుట్టూ నూనె మండుతోంది. నా చేతులు కాలాయి, పిన్నీ. వాడు వదల్లేదు. నేనే వదిలేశాను."

హెస్టర్ వెనక్కి తిరిగి ఒడ్డెక్కి, గుట్ట వైపు నడవడం మొదలుపెట్టింది. దారి ఇచ్చిన వాళ్లు తలలు దించుకున్నారు. ఆవిణ్ని తప్పుపట్టే ధైర్యం ఎవరికుంది. పోతూ పోతూ ఆమె పట్టాల దగ్గర పడున్న ఇనప గునపం తీసుకోవడం వరోనిన్ ఒక్కడే చూశాడు. ఎందుకో తెలియకపోయినా వెనకే వెళ్లాడు.

ఇంట్లో పోటు నిండుగా ఉంది. తలుపు తీస్తే నీళ్లు ఆమె నడుము ఎత్తున గడప మీద నిలబడి ఉన్నాయి. బయటి చలికి వాటి మీంచి ఆవిరి లేస్తోంది. చెయ్యి అందులో పెట్టింది. వెచ్చగా ఉంది. కాసేపు అలాగే పెట్టి ఉంచింది. వరోనిన్ మంచు మీద నిలబడి చూస్తున్నాడు.

చెయ్యి బయటికి తీసి, గునపం మొన గడపమాను కింద దోపింది. పాత టేకు దుంగ, మామగారు చేయించింది, మేకులన్నీ తుప్పు పట్టి చెక్కలో కలిసిపోయాయి. మొదటిసారి తన బరువంతా వేసినా కదల్లేదు. వరోనిన్ వచ్చి పక్కన గునపం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వేలాడారు. ఒక మేకు కీచుమంటూ లేచింది, తర్వాత ఇంకొకటి.

"వెండెల్ అక్కడ ఉన్నాడు. వెళ్లు నాన్నా" అంది హెస్టర్ ఆ నీళ్లతో.

గడప ఊడి వచ్చింది.

నీళ్లు హడావిడి పడలేదు. దారి తెలిసినవాళ్లలా మెట్లు దిగి, వీధిలోకి తిరిగి, చర్చి పక్కనించి కిందకి నడిచాయి. అక్కడి మంచు కరిగిపోయింది. ఆ చిన్న ఇంట్లోంచి అన్ని నీళ్లు ఎలా వచ్చాయని ఆ రోజు ఎవరూ అడగలేదు. యార్డులో ఆడవాళ్లు గౌన్లు ఎత్తిపట్టుకుని పక్కకి జరిగి దారిచ్చారు. వాగులోకి దిగాక నీళ్లు పడవ చుట్టూ పేరుకున్నాయి. ముందు వెండెల్ నడుము మునిగింది, తర్వాత ఛాతీ. ఇద్దరు వాడి తల పైకెత్తి పట్టుకున్నారు. వెచ్చగా ఉన్నాయన్నాడు వాడు. నీళ్లు గడ్డం తాకుతుండగా పడవ ఒక్క మూలుగు మూలిగి బురదని వదిలి లేచింది.

హెస్టర్ అవేవీ చూడలేదు. ఊడిన గడప పక్కన నిలబడి ఆఖరి నీళ్లు వెళ్లేదాకా ఉంది. వాటిలో ఏమైనా వస్తుందేమోనని, ఒక గుండీ, ఒక చెప్పు, ఏదైనా, కళ్లార్పకుండా చూసింది. ఏమీ రాలేదు. కాస్త నాచు, ఇసక. అంతే.

పడవ ఎక్కడా కారలేదు. మర్నాడు బాల్టిమోర్ వెళ్లింది. వరోనిన్ వెళ్లేముందు ఆమె ఇంటికొచ్చి టోపీ తీసి ఊరికే నిలబడి వెళ్లాడు. ఆ పడవా, ఆ మనుషులూ ఏమయ్యారో మాకెవరికీ తెలీదు.

ఆ తర్వాతి రోజులు ఆమెకి టెలిగ్రాం వచ్చిన రోజు కంటే హీనంగా గడిచాయి. ఇల్లు పొడిగా ఉంది. పొద్దున్న మెట్ల మీద కూర్చుని బూట్లు చేతిలోకి తీసుకునేది, మళ్లీ కింద పెట్టేసేది. వెళ్లొస్తానని చెప్పడానికి ఎవరూ లేరు. అందరి ఇళ్లలాగే ఆ ఇల్లూ చల్లబడింది, అందరిలాగే ఆమె కూడా బొగ్గులు మోసుకొచ్చి పొయ్యి రాజేసుకోవాల్సి వచ్చింది. పక్కింటి ముసలావిడ ఒక రోజు వచ్చి, అలవాటు కొద్దీ మెట్ల మీద కూర్చుని, ఎండిన నేలకేసి చూసి ఏడ్చింది. హెస్టర్ ఏడవలేదు. నేల మీద ఉప్పు అట్టకట్టి ఉంటే చీపురు పట్టుకుని అంతా ఊడ్చింది.

వెండెల్ కాలు మోకాలి పైన తీసేశారు. ఫిబ్రవరి మూడో ఆదివారం హెస్టర్ ఆస్పత్రికి వెళ్లింది. ఆమెని చూసి వాడు లేచి కూర్చోబోతే వద్దని చెయ్యి ఊపి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, కోటు గుండీలు విప్పుకుని కూర్చుంది. వాడు ఏదో చెప్పబోయాడు. క్షమించమని కాబోలు.

"అది విన్నాను" అంది ఆమె. "ఓడలో ఆ రోజు పొద్దున్న వాడు ఏం తిన్నాడు? అక్కణ్నించి చెప్పు."