నోరు తెరవని ఏడు నెలలు

కురుమయ్య కొడవలి కొనను నిప్పుల్లో పెట్టి, "ఎర్రగ కాలాలె. గప్పుడే పని జేస్తది," అన్నాడు. వాతలు పెట్టడంలో మర్రిగూడ చుట్టుపక్కల ఆయనకు పెద్ద పేరు. ఆ పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అన్న కూతురు ఈదమ్మ, ఏడేళ్ల పిల్ల, గడప పక్కన కూర్చుని ఆ నిప్పులనే చూస్తోంది. ఏడు నెలలుగా దాని నోట ఒక్క మాట లేదు. గొంతు కింద మూడు వాతలు పెడితే పట్టిన దడుపు వదిలి మాట్లాడుతుందని మా అమ్మ నర్సింగమ్మ నమ్మకం. తాయెత్తు కట్టించింది, దిష్టి తీయించింది, ఎల్లమ్మకు కోడిని కోయించింది. ఇక మిగిలింది ఇదే.

"పసిపోరి అమ్మా. తట్టుకోలేదు," అన్నాను.

"మాట లేకుంట బతికి ఏం జేస్తదే? నేను సచ్చినంక దాన్ని ఎవలు జూస్తరు?" అంది అమ్మ.

మొగుడితో పోట్లాడి వచ్చి పుట్టింట్లో కూర్చున్న దాన్ని. నా మాటకు ఆ ఇంట్లో ఎంత విలువో వేరే చెప్పాలా? కానీ ఆ పిల్లను పెంచింది నేను. పుట్టిన మూడో రోజునే తల్లి పోతే ఒళ్లో వేసుకుంది నేను.

అంతకు ముందు శ్రావణంలో, ఇంకా నిజాం రాజ్యం ఉండగానే, రజాకార్లు మా ఊరి మీద పడ్డారు. మా అన్న కాటమయ్య కల్లు గీసేవాడు, నిజాం మీద తిరగబడ్డ సంఘంలో మనిషి. తాటిచెట్టు ఎక్కితే నాలుగు దిక్కులా బాటలు కనిపిస్తాయి గనక ఊరికి కాపలా కూడా ఆయనే. ఆ రోజు దుమ్ము లేవడం చూసి కేకేసి ఊరిని లేపాడు గానీ, తాను దిగడానికి వ్యవధి లేకపోయింది. పైనే మట్టల మధ్య నక్కాడు. సద్ది తెచ్చిన ఈదమ్మా, నేనూ చెట్టు కింద చిక్కాం.

పిల్ల పైకి చూసి "నాయినా" అనబోయింది. దాని దవడ గట్టిగా పట్టుకుని, "నోరు తెరిచినవంటె మీ నాయిన సస్తడు," అన్నాను. అది రెండు చేతులతో నోరు మూసుకుంది. వాళ్లు వచ్చి తండ్రి ఎక్కడని అడిగారు, చెంప మీద కొట్టారు. ముక్కు నుంచి రక్తం కారి వేళ్ల మీద పడుతున్నా చేతులు తీయలేదు. చివరికి తిట్టుకుంటూ పోయారు. ఆ సాయంత్రమే అన్న దళంలో కలవడానికి అడవికి వెళ్లిపోయాడు.

ఊరంతా పిల్లను మెచ్చుకుంది. కాటమయ్య బిడ్డ అంటే అలా ఉండాలి అన్నారు. సిగ్గులేకుండా నేనూ మురిసిపోయాను. నిజాం రాజ్యం పోయింది, మిలిటరీ వచ్చి అడవుల్లో దళాలను వేటాడసాగింది, పిల్ల మాత్రం మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే ఆ తాటిచెట్టు కిందికి పోయి, పైకి చూసి వచ్చేది. అక్కడ ఏదో సోకిందన్నారు. నేనూ నమ్మాను.

వాతల రోజుకు రెండు నెలల ముందు అడవిలో మిలిటరీ కాల్పుల్లో అన్న చనిపోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు. తెలిస్తే పిల్ల ప్రాణం నిలవదని, నాయిన బొంబాయి మిల్లులో పనికి పోయాడని అమ్మ దానికి చెప్పింది. ఇంట్లో ఎవరూ ఏడవకూడదని నాకు గట్టిగా చెప్పింది.

కొడవలి ఎర్రబడింది.

"పట్టుకో గోపమ్మా," అంది అమ్మ.

పట్టుకున్నాను. దాచి ఏం లాభం, నా రెండు చేతులతో నేనే పట్టుకున్నాను. కురుమయ్య దగ్గరికి వస్తుంటే ఆ సెగ నా ముఖానికి తగిలింది. పిల్ల పెనుగులాడలేదు. మెడ దాచుకోలేదు. రెండు చేతులూ లేపి నోరు మూసుకుని నా వైపు చూసింది.

ఆ చూపు నేను తాటిచెట్టు కింద చూసిందే. ఈ పిల్లకు మాట ఎక్కడికీ పోలేదు. నేను చెప్పిన పనే ఇంకా చేస్తోంది. ఇక చాలని దానికి నేను చెప్పనే లేదు.

"ఆగు!" అని కురుమయ్య చేతిని తోసేశాను. కొడవలి కొన నా మణికట్టుకు అంటుకుంది.

"పిచ్చి లేసిందానె నీకు?" అని అమ్మ అరిచింది.

"నేనే జేసిన అమ్మా! నోరు తెరిస్తె అన్న సస్తడని నేనే జెప్పిన. గందుకే మాట్లాడతలేదు. పోరి వాళ్ల నాయినను కాస్తాంది!"

తర్వాత నేను ఏం చెప్పబోతున్నానో అమ్మకు అర్థమైంది. "చెప్పకు గోపమ్మా. నీ కాళ్లు మొక్కుత," అంది. మా అమ్మ ఎవరినైనా బతిమాలడం నేను ఆ ఒక్కసారే చూశాను.

నాయిన బొంబాయిలో బాగున్నాడు, ఇక మాట్లాడు అనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తండ్రి బతికి ఉన్నాడనుకున్నంత కాలం ఈ పిల్ల నోరు తెరవదు. కురుమయ్య ఏమనుకున్నాడో, కొడవలిని కుడితి గోలెంలో ముంచి బయటికి నడిచాడు.

ఈదమ్మను ఒళ్లోకి లాక్కున్నాను. నా చెయ్యి మండిపోతోంది.

"బిడ్డా, జర ఇను. నాయిన బొంబాయి పోలె. అడివిల మిలిటరోళ్లు కాల్చిన్రు. సచ్చిపోయిండు. గా పొద్దు చెట్టు మీద నాయినను కాపాడింది నువ్వే. నాయిన సచ్చిండంటె గిండ్ల నీ తప్పు లేదు. నేను జెప్పిన మాట అయిపోయింది. చేతులు తియ్యి బిడ్డా."

తీయలేదు. గోడకు ఆనుకున్న అమ్మ, రెండు నెలలుగా అణచుకున్న ఏడుపును ఒక్కసారిగా వదిలేసింది. పిల్ల అవ్వను చూసింది, నన్ను చూసింది. వేళ్లు మెల్లగా సడలాయి. ముందు గొంతులోంచి గాలి ఒక్కటే వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

"నేను ఎవ్వలకు చెప్పలె గద అత్తా? మల్ల ఎట్ల సచ్చిండు?"

"చెప్పలె బిడ్డా. నువ్వు ఎవ్వలకు చెప్పలె," అన్నాను.

ఆ రోజు అది ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ అదే జవాబు చెప్పాను. మర్నాడూ అడిగింది. మర్నాడూ చెప్పాను.