నాలుగో టైరు

పొద్దున టిఫిన్ డబ్బా కట్టుడు అయిందంటే త్రివేణి బండి కాడికి వస్తది. చిల్కానగర్‌ల వాళ్ల గల్లీని సగం మింగి నిలబడే పెద్ద బండి అది. మొగడు జీవన్ మోజుపడి కొన్న సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ. చేతుల బకెటు, గుడ్డ ఉంటయి కాబట్టి చూసేటోళ్లు బండి కడుగుతుందనుకుంటరు. కడుగుడు పేరుకే. సీట్ల కింద వెంట్రుకలు, డ్యాష్‌బోర్డు అరల బిల్లులు, పక్క సీటు ఎంత ఎనుకకు జరిగింది, అన్నీ చూస్తది. ఏం దొరుకది. దొరుకకుంటే ఇంకింత అనుమానం. తప్పు చెయ్యనోని బండి ఇంత సాఫుగ ఎందుకుంటది మరి?

టైర్లకు మాత్రం ఎర్రమట్టి ఉంటది. జీవన్ నాచారంల ఒక ఫ్యాక్టరీల షిఫ్ట్ ఇన్‌చార్జి. ఇంటి నుంచి ఫ్యాక్టరీ దాకా మట్టి రోడ్డు జానెడు గూడ లేదు.

"బావా, మీ ఫ్యాక్టరీల మొరం తవ్వుతున్నరా ఏంది?" అని ఒకనాడు అడిగింది.

"బండి గుంజుతుందే," అన్నడు జీవన్. "స్టీరింగ్ జర వదిలితే చాలు, దమ్మాయిగూడ దిక్కు పోతది. డ్యూటీ దిగి పరాకున నడుపుతున్ననంటే గా కొత్త కాలనీల మట్టి రోడ్డు మీద తేల్తున్న. అలైన్‌మెంట్ గూడ చేయించిన, తగ్గలే."

ఆహా, ఎంత ముచ్చటైన అబద్ధం! త్రివేణికి నవ్వు రాలే. పక్కింటి పద్మశ్రీ వాళ్ల చెల్లెది దమ్మాయిగూడనే. చెల్లె ఇంటికి పోయినప్పుడల్లా ఈ బండి కండ్ల పడుతుందట. "నాకెందుకు గని, నువ్వేం అనుకోకు" అనుకుంటనే పూసగుచ్చినట్టు చెప్పింది.

గసుంటి టైముల జీవన్ టైర్ల ముచ్చట తెచ్చిండు. ఉన్నవి పీకేసి వెడల్పువి, గుట్టలు చెలకలు ఎక్కే ఆల్ టెర్రైన్ టైర్లు ఏయిస్తడట. అవి నేలను గట్టిగ పడతయట, అప్పుడు బండి గుంజదట.

త్రివేణికి అంతా అర్థమైపోయింది. వానకాలం దగ్గర పడ్డది. కొత్త కాలనీలల్ల మోకాటి లోతు బురద. ఆ బురదల పడి పోక తప్పనోనికే గసుంటి టైర్లు గావాలె. అంటే అక్కడ ఇంకో సంసారం ఉన్నది! ఉన్నదని తేలితే ఈ ఇంట్ల ఒక్కపూట గూడ ఉండొద్దనుకున్నది. బిడ్డ గీతికను తీసుకొని ఆలేరుల అన్న ఇంటికి పోతది. బట్టల బ్యాగు సర్ది మంచం కిందికి తోసింది గూడ.

"షాపుకు నేను గూడ వస్త," అన్నది.

"నువ్వెందుకే, అక్కడంతా నూనె మరకలు..." జీవన్ మొఖం మాడింది.

ఆ మాడుడు చూసినంక ఆమె ఆగుతదా? స్కూటీ తీసి బండి ఎనుకనే పోయింది.

కొమురెల్లి టైర్ల షాపు నాచారం మెయిన్ రోడ్డు మీదనే. జీవన్ తనకు కావాల్సిన సైజు చెప్పంగనే కొమురెల్లి తల అడ్డం ఊపిండు.

"రిమ్ములు మారుస్తలేవు కదన్నా. కంపెనీ రిమ్ము మీద గంత వెడల్పుది ఎక్కిస్తే టైరుకు బొజ్జ వచ్చినట్టుంటది. స్టీరింగ్ పూరా తిప్పితే లోపలి ప్లాస్టిక్కుకు రాస్తది. ఒక సైజు తగ్గించి పెడ్త, సక్కగ కూసుంటది."

"గుంజుడు తగ్గుతదా?"

"పాతయి తీసేస్తే ఎందుకు తగ్గదు?"

మగవాళ్లిద్దరు ఒకళ్ల మొఖం ఒకళ్లు చూసుకున్నరు. త్రివేణి అది గూడ చూసింది. ఈయన గూడ అందులనే ఉన్నడనుకున్నది.

జాకీ మీద బండి లేసింది. ఒక్కొక్క పాత టైరు రిమ్ము నుంచి ఊడి కింద పడుతుంటే జీవన్ తొందరపెట్టిండు. "అన్నా, గొలుసేసి కట్టు. జల్దీ."

గొలుసు లేని టైర్ల షాపు ఏడ ఉంటది? విప్పిన పాత టైరు ఊకుండదు, లేసి ఇంటి బాట పడుతది. కొన్నాళ్లు కట్టేసి ఉంచితే ఇల్లు మర్చిపోతది, అప్పుడు తుక్కుకు ఏస్తరు. కట్టేసుడు మర్చిపోతే తెల్లారేసరికి రోజు బండి పెట్టే వాకిట్ల ఉంటది. అమ్ముకున్న టైరు మాత్రం అమ్మినోని గడప మళ్ల తొక్కది. అది దాని రోషం. అందుకని సెకండ్ హ్యాండ్ బండిదైనా పాత ఓనరు ఇంటికి పోదు. పోతే త్రివేణి ఇంటికే పోవాలె. లేదంటే జీవన్‌కు ఇంకో ఇల్లన్న ఉండాలె.

"కట్టకు అన్నా," అన్నది త్రివేణి. "మా టైర్లు మా ఇంటికే వస్తయి. పూలచెట్లు పెట్టుకుంట."

"వద్దే, ట్రాఫిక్‌ల ఏడనన్న ఇరుక్కుంటయి..."

"ఎందుకు బావా గంత భయం?"

కొమురెల్లి గొలుసు కింద పెట్టిండు. ఆలుమగల నడుమ గొలుసు పట్టుకొని నిలబడుడు ఎవలికి మంచిది?

మూడు టైర్లు లేసి, దుమ్ము దులుపుకొని, చిల్కానగర్ దిక్కు దొర్లుకుంట పోయినయి. నాలుగోది రోడ్డు అంచుల కొద్దిసేపు ఆగింది. తర్వాత మల్లాపూర్ దిక్కు మళ్లింది.

త్రివేణి ఇన్ని నెలల సంది అనుమానపడ్డది గని, అది నిజమైతే ఇంత నొప్పి ఉంటదని ఆమెకు తెల్వదు. స్కూటీ స్టార్టు చేసింది. "ఆగే, చెప్తా ఆగు!" అని జీవన్ ఉరికొచ్చిండు గని ఆయన బండికి చక్రాలు లేకపాయె.

టైరు ఎడమ పక్క పట్టుకొని బుద్ధిగ పోయింది. సిగ్నల్ పడితే ఆగింది. ఈసీఐఎల్ చౌరస్తాల బస్సు హారన్ కొడితే పక్కకు జరిగి దారి ఇచ్చింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ దాన్ని చెయ్యి ఊపి పొమ్మని, ఎనుక హెల్మెట్ లేకుంట వస్తున్న త్రివేణికి ఫోటో కొట్టిండు. కండ్లల్ల నీళ్లు నిండి ఆమెకు అది గూడ కనపడలే. దమ్మాయిగూడ అవతల తారు రోడ్డు అయిపోయి ఎర్రమట్టి మొదలైంది. అక్కడి నుంచి టైరు ఉరుకుడే ఉరుకుడు.

ఒక రేకుల ఇంటి గేటు ఓరగ తీసి ఉంది. టైరు దాన్ని నెట్టుకొని పోయి, వాకిట్ల ఖాళీగ ఉన్న షెడ్డు కింద గోడకు ఒరిగి నిలబడ్డది.

బోళ్లు తోముతున్న ఆడమనిషి లేసింది. వయసు పెద్దగ లేదు గని మొఖం పీక్కపోయి ఉన్నది.

"ఎన్నేండ్ల సంది నడుస్తుంది?" అన్నది త్రివేణి గేటు కాడి నుంచే.

"ఏంది?"

"ఏంది అంటవా! నా మొగని బండి టైరు సక్కగ నీ వాకిట్లకొచ్చి నిలబడ్డది. ఇంకేం దాస్తవ్?"

ఆ మనిషి చేతుల గిన్నె చేతులనే ఉన్నది, చూపంతా టైరు మీదనే. ఆఖరికి లోపలికి మళ్లి, "ఏమయ్యా, జర బయటికి రా," అని పిలిచింది.

బక్కపలుచని మనిషి ఒకడు వచ్చిండు. టైరును చూసి దాని ముంగట మోకాళ్ల మీద కూసున్నడు. దాని అంచుకు పడ్డ గీతను వేలుతోని తడిమిండు.

"ఆశా, గిది మన బండిదే. ఉప్పల్ స్టేడియం కాడ ఫుట్‌పాత్‌కు గీసుకపోయింది, సారు తిట్టలే? గదే."

త్రివేణికి ముచ్చట అప్పుడు తెలిసింది. ఆయన పేరు ధీరజ్, డ్రైవరు. ఆశ ఆయన భార్య. ఆ టైరు మొదలు ఉన్న బండి రెండు గల్లీల అవతల ఉండే బాలరాజుది. ధీరజ్ రోజు దాన్ని కడిగి, తుడిచి, ఈ షెడ్డు కిందనే పెట్టేటోడు. పోయిన ఏడు ఒకనాడు తెల్లారి చూస్తే బండి లేదు. తాళంచెవి ధీరజ్ జేబులనే ఉన్నది. పోలీసులు అడిగి అడిగి వదిలేసిన్రు గని కాలనీ వదల్లే. డ్రైవరే అమ్ముకున్నడన్నది. అప్పటి సంది ఆయన చేతికి ఎవ్వలు స్టీరింగ్ ఇస్తలేరు. ఉప్పల్ మార్కెట్ల మూటలు మోస్తున్నడు.

త్రివేణి ఫోన్ మోగింది. జీవన్.

"నాలుగోది కొత్త టైరు కాదే," అన్నడు ఏడ్పు గొంతుతోని. "అప్పుడు టైరు పగిలితే కొత్తది కొనమంటివి కదా. నేను పాత టైర్లు అమ్మేటోని కాడ ఒకటి చూసి ఏయించిన. మిగిలిన పైసలతోని మ్యూజిక్ సిస్టం కొన్న. అది ఎక్కిచ్చినప్పటి సందే గుంజుడు. నువ్వు తిడ్తవని..."

"మ్యూజిక్ సిస్టం దోస్తు ఇచ్చిండంటివి!"

"తిట్టు. ఇంటికొచ్చి తిట్టేదంతా తిట్టు. రా గని."

అప్పటికే గేటు కాడ జనం మూగిన్రు. ఎవరో పోయి బాలరాజును తోలుకొచ్చిన్రు. ఆయన టైరును చూసిండు, ధీరజ్‌ను చూసిండు. ఇంక చెప్పేదేమున్నది? అమ్ముకున్నోడైతే అది ఈ గడప తొక్కునా?

"పొద్దున ఇంటికి రా, ధీరజ్," అన్నడు బాలరాజు నేల చూసుకుంట. "కొత్త బండి కొన్న. తాళాలు తీస్కపో." ఇంకేదో అనబోయి, తిరిగి పోయిండు.

ఆశ గిన్నె కింద పెట్టింది. అందరు ఉండంగనే, అక్కడ ఎవ్వలు లేనట్టు మొగనితోని అన్నది.

"నేను గూడ నిన్ను నమ్మలే. రోజు నువ్వు పండుకున్నంక నీ జేబులు వెతికిన. బండి అమ్మిన పైసలు ఏడ దాచినవో తెలుస్తదేమోనని."

ఆ మాట తన నోట్ల నుంచి వచ్చినట్టే సిగ్గయింది త్రివేణికి. ఎటు చూడాల్నో తెల్వలే.

ధీరజ్ టైరు మీది నుంచి చెయ్యి తియ్యలే.

"నాకు ఎరుకే," అన్నడు. "గందుకే అంగీని కొక్కేనికి ఏసుడు బందు చేసి, నీ మంచం పట్టెకు ఏస్తున్న. చీకట్ల దేవులాడుకుంటవని."

ఆశ గడప మీద కూలబడి, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది.