ఊరందరి మిగులు పెట్రోలు

మా ఓర్లిన్ అన్నయ్య పోయి నెలైనా కాలేదు, అప్పుడే తిట్లు మొదలుపెట్టిందేమిటి ఈవిడ అని మీరనుకోవచ్చు. నేను తిడుతున్నది అన్నయ్యని కాదు, వాడి పికప్ బండి పెట్రోలు ట్యాంకుని. రెంటికీ పెద్ద తేడా లేదని తర్వాత తెలిసిందనుకోండి, అది వేరే సంగతి.

మే నెలాఖరున, గోధుమ విత్తడం ముగించిన రాత్రి అన్నయ్య నిద్రలోనే పోయాడు. మా ఉత్తర డకోటాలో రైతు పోతే శవపేటికని అద్దె బండిలో కాకుండా అతని సొంత బండి మీద స్మశానానికి తీసుకెళ్ళడం చాలామందికి ఇష్టం. ధాన్యం లారీ మీద వెళ్ళినవాళ్ళున్నారు, ట్రాక్టరు వెనక తొట్టిలో వెళ్ళినవాళ్ళున్నారు. భార్య ముందు సీట్లో కూర్చుంటుంది. అందుకని ఏ బండి సిద్ధం చెయ్యమంటావని మా ఆర్డిస్ వదినని అడిగాను. రోజూ తిరిగే తెల్లబండి కడిగిస్తే సరిపోతుందని నా లెక్క.

"ఆకుపచ్చ పికప్," అంది వదిన.

ఆ బండి షెడ్డులోంచి కదిలి ఎన్నేళ్ళయిందో దేవుడికే తెలియాలి. పైగా అది నేను హైస్కూల్లో ఉన్నప్పటి మోడలు. నేను నచ్చజెప్పబోయాను. వదిన వినలేదు. ఆ బండి కొన్నదే వాళ్ళిద్దరూ సముద్రం చూడటానికి వెళ్ళాలని. మా వదిన ఈ మైదానంలో పుట్టి ఈ మైదానంలోనే పెరిగింది, అంత నీళ్ళు ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. కొన్న కొత్తలో రెండుసార్లు ఊళ్ళోకి తిప్పి, మిగతాది ప్రయాణానికి దాచుదామని అన్నయ్య దాన్ని షెడ్డులో పెట్టాడు. అప్పట్నుంచీ ప్రతి ఏడూ మంచు కరగ్గానే "ఈ ఎండాకాలం వెళ్దాం" అనేవాడు. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది.

"సముద్రం దాకా తీసుకెళ్ళలేదు, సరే. స్మశానం దాకానైనా ఆ బండిలో ఆయనతో వెళ్తాను, వెర్నా. శనివారానికి అది నడవాలి," అంది వదిన. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరేనన్నాను.

ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని, ఇంజన్లంటే నాకు భయం లేదు. ఎదురింటి ఎల్రాయ్‌ని సాయానికి పిలిచాను. అన్నయ్య ఈడువాడే, చేతిలో పనుంటే తప్ప దుఃఖపడటం తెలియని మనిషి. గురువారం పొద్దున్నే పనిముట్ల పెట్టె, చేతి పంపు, రెండు ఖాళీ డ్రమ్ములు తెచ్చుకుని వచ్చాడు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీశాం.

ఆ కాలపు పికప్‌లలో పెట్రోలు ట్యాంకు బండి కింద ఉండదు, సీటు వెనకాలే ఉంటుంది. అంటే కూర్చున్నవాడి వీపుకీ ట్యాంకుకీ మధ్య సీటు ఒక్కటే అడ్డు. తలుపు తీశానో లేదో, లోపలి గాలి మొహాన కొట్టింది. పెట్రోలు వాసనైతే నాకు ఇష్టమే, దాచుకోను. ఇది పెట్రోలు వాసన కాదు. పాడైన వార్నిషులో పులిసిన కాబేజీ కలిపి ఎవరో ఏళ్ళ తరబడి మూతపెట్టి ఉంచినట్టుంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఛీ, ఇలాంటి బండిలోనా మా వదిన కూర్చునేది అనుకున్నాను.

ట్యాంకుకి మూత లేదు. ఎక్కడో పోయింది కాబోలు, గొట్టంలో ఓ పాత బనీను కుక్కి ఉంది. ఎల్రాయ్ దాన్ని వేలితో లాగితే సగం వచ్చింది, సగం లోపలే తెగిపోయింది. పటకారుతో మిగతాది లాగితే దాంతోపాటు ఒక ఎలుక వచ్చింది. ఎలుక అని తోకని బట్టి చెప్పాలి. బొచ్చు లేదు, మొహం లేదు, ఊరగాయలో ముక్కలాగా నాని ఉంది. ఎల్రాయ్ దాన్ని కింద పడేసి బయటికి పరుగెత్తి గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను దాన్ని పారతో ఎత్తి బయట పారేశాను.

పంపు గొట్టం లోపలికి దించి కొట్టడం మొదలుపెట్టాం. ముందు చిక్కటి టీ డికాషను రంగులో వచ్చింది. తర్వాత ఎర్రగా, జిడ్డుగా వచ్చింది. ఆ తర్వాత పంపు ఊపిరాడనట్టు గుర్రుమని, పాకం లాంటిది ముద్దలు ముద్దలుగా కక్కింది. నాకు అర్థం కాలేదు. ఒక్కసారి పోసి వదిలేసిన పెట్రోలు పాడైతే అంతా ఒకేలా పాడవ్వాలి. ఇన్ని రంగులెందుకు? డ్రమ్ములో నీలంగా తేలుతున్న తెట్టుకేసి ఎల్రాయ్ వంగి చూశాడు.

"అది నాదే," అన్నాడు మెల్లిగా.

అప్పుడు బయటపడింది. మా ఊళ్ళో మంచు పడేముందు గడ్డి కోసే యంత్రాలూ చేపల పడవల మోటార్లూ ఖాళీ చేసుకుంటారు, చలికాలమంతా పెట్రోలు అందులోనే ఉంటే ఇంజన్ని పాడుచేస్తుందని. పారబొయ్యడానికి ఇక్కడెవరికీ మనసు రాదు. వంటకి వాడేసిన అల్యూమినియం రేకుని కడిగి ఆరేసుకునే జనం మరి. అన్నయ్యేమో, "నా పికప్‌లో పొయ్యండి, వచ్చే ఎండాకాలం ఎలాగూ దూరం వెళ్తున్నాంగా, కాలిపోతుంది" అనేవాడట. ఎవరినీ కాదనలేడు కదా. ఇంకేం, ప్రతి శరదృతువులోనూ ఊరంతా క్యాన్లు పట్టుకుని వచ్చి పోసేవాళ్ళు. ఎల్రాయ్ తన పడవ పెట్రోలు, నీలిరంగు ఇంజన్ నూనె కలిపినది, ఏటేటా తెచ్చి పోశాడు. చర్చి పచ్చిక కోసే యంత్రం మిగులూ అందులోనే. పోసింది పోసినట్టే ఉంది, పాత కుళ్ళు మీద కొత్త కుళ్ళు. ప్రయాణం కోసం దాచిన బండిని ఊరి మురికి కుండీ చేసి కూర్చున్నాడు మా అన్నయ్య. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకైనా బుద్ధుండక్కర్లేదా ఎల్రాయ్? దీంతో బండి కదులుతుందని ఎలా అనుకున్నావు?" అని అడిగాను.

"అనుకోలేదు. ఓర్లిన్‌తో చెప్పాను కూడా. ఇంక పొయ్యనివ్వకు, ఇది మళ్ళీ స్టార్టవ్వదని చెప్పాను."

"మరేమన్నాడు?"

ఎల్రాయ్ పంపు పిడిని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. మా వాళ్ళు అబద్ధం ఆడరు, నిజం చెప్పడానికి మాత్రం గంట పడుతుంది. చివరికి, "నవ్వాడు. మంచిదేలే, ఇహ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అన్నాడు. సముద్రమంటే తనకి మొదట్నుంచీ ఇష్టం లేదట. ఆర్డిస్‌తో ఆ మాట అనలేక..." అని ఆగిపోయాడు.

ఆగిపోయింది నా వెనక వదినని చూసి. కాఫీ ఫ్లాస్కూ, పరామర్శకొచ్చినవాళ్ళు తెచ్చిన కేకు ముక్కలూ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చచ్చిన మనిషి మీద అంత అసహ్యం నాకెప్పుడూ వెయ్యలేదు, పైగా తోడబుట్టినవాడు. ఒక్క మాట, "నాకు ఇష్టం లేదే" అన్న ఒక్క మాట చెప్పడానికి భయపడి, ఆ పని కుళ్ళిన పెట్రోలు చేత చేయించాడు. అవతల ఆవిడ ఏటేటా అట్లాసు తెరిచి దారి చూసుకునేది.

వదిన ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. డ్రమ్ము దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది. ముక్కు మూసుకోలేదు.

"ఇంకా ఎంత ఉంది లోపల?" అంది.

"అడుగున గట్టిపడిపోయింది వదినా. ట్యాంకు విప్పి కడగాలి. అంత కష్టమెందుకు, తెల్లబండిలో..." అన్నాను.

"కడగండి. శనివారానికి నడవాలన్నాను కదా," అని వెనక్కి వెళ్ళిపోయింది.

కడిగాం. సీటు పీకి, బోల్టులు విప్పి, ట్యాంకుని ఇద్దరం బయటికి మోస్తుంటే ఎల్రాయ్ చెయ్యి జారింది. అడుగున మిగిలిన పాకమంతా బండి లోపలి నేల పరుపు మీదా, నా ప్యాంటు మీదా, బూట్లలోకీ ఒలికింది. నా నోటికి అదుపు లేకుండా పోయింది, వాటిలో ఒక్క మాటా ఇక్కడ రాయను. వేడి సబ్బునీళ్ళు పోసి, గొలుసు ముక్క వేసి ఊపి ఊపి కడిగితే ఎండు జిగురు పెచ్చులుగా ఊడివచ్చింది. రబ్బరు గొట్టాలు మార్చాం, కార్బురేటరు విప్పి తోమాం, కొత్త బ్యాటరీ వేశాం. శుక్రవారం సాయంత్రం తాజా పెట్రోలు పోసి తాళం తిప్పితే నాలుగుసార్లు దగ్గి, ఐదోసారి అందుకుంది. ఎల్రాయ్ టోపీ తీశాడు.

కంపు మాత్రం పోలేదు. పరుపు కోసి పారేశాను. సీటుకి వంటసోడా పట్టించాను, కాఫీ పొడి చల్లాను, వెనిగరుతో తుడిచాను. ఇప్పుడది కాఫీ కలిపిన కుళ్ళు కంపు కొట్టింది, అంతే. నా జుట్టుకీ గోళ్ళకీ కూడా పట్టేసింది. రెండుసార్లు స్నానం చేసినా నా దిండు కంపు కొట్టింది.

శనివారం ప్రార్థన అయ్యాక పేటికని పికప్ వెనకకి ఎక్కించారు. ఊరంతా చర్చి ముందు నిలబడి ఉంది, ట్యాంకులో పోసినవాళ్ళతో సహా. ఎల్రాయ్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. వదిన నల్లగౌను సర్దుకుని పక్కన కూర్చుంది. ఇంజన్ అందుకోగానే జనంలో సంతోషం కదిలింది, ఒకరిద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను వెనక నా కారులో ఉన్నాను. ఎంత చిరాకుగా ఉన్నా, ఆవిడ కోరిక తీరింది కదా అనుకుని నేనూ కారు స్టార్టు చేశాను.

బండి చర్చి ఆవరణ దాటింది. రోడ్డెక్కబోతూ ఆగింది. ఇంజన్ ఆగిపోయిందేమోనని నేను గభాలున దిగబోయాను. ఆగలేదు, గుడగుడమంటూనే ఉంది. తలుపు తెరుచుకుని వదిన దిగింది. ఎల్రాయ్‌కి పొమ్మని చేత్తో సైగ చేసి, అందరూ చూస్తుండగా నడిచివచ్చి నా కారెక్కి కూర్చుంది.

"కంపు భరించలేకపోయావా వదినా?" అన్నాను.

"కంపు కాదు. కూర్చున్నాను కదా, ఆయనతో ఏమైనా మాట్లాడదామనుకున్నాను. ఒక్క మాటా రాలేదు. నేనెవరితో వెళ్ళాలనుకున్నానో ఆ మనిషి ఆ పెట్టెలో లేడు," అంది.

ముందు పికప్ పొగ వదులుతూ స్మశానం వైపు తిరిగింది. నేను గేరు వెయ్యకుండా ఆవిడకేసి చూశాను. ఎటు పోనివ్వమంటావని అడగాలనిపించింది.

"పోనియ్యి, పాతిపెట్టి వద్దాం," అంది వదిన. తర్వాత అద్దం కిందికి దించి, "నువ్వూ అదే కంపు కొడుతున్నావు వెర్నా. నీది స్నానం చేస్తే పోతుందిలే," అంది.